తాడు పట్టిన చేయి

(పాఠశాల ప్లాటినం జూబిలీ ఉత్సవాల సందర్భంగా తల్లిదండ్రుల, పూర్వవిద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈనాటి ప్రసంగ విషయం వినడానికి కొంత వింతగా తోచవచ్చు. భవనం లోపల నిలబెట్టిన గోడను ఎక్కే క్రీడ ఒకటి, గృహస్థ జీవనం మరొకటి, భూగర్భంలో తరిగిపోతున్న ముడి చమురు ఇంకొకటి. ఈ మూడింటికి పొత్తు ఏమిటని సభాసదులు సందేహించడం సహజం. అయితే ముంబయి వంటి మహానగరంలో ఒక సామాన్య కుటుంబపు సాయంకాలాన్ని పరిశీలిస్తే ఈ మూడూ ఒకే ఇంటి గడపలో కలుసుకుంటున్న సంగతి అర్థమవుతుంది. శరీరానికి వ్యాయామం కావాలి. ఇంటికి సమయం కావాలి. రేపటికి సన్నాహం కావాలి. ఉన్న సమయమూ, శక్తీ, ధనమూ మాత్రం పరిమితమైనవి. దేనికి ఎంత ఇవ్వాలన్నదే ప్రశ్న.

ఈ పాఠశాలకు డెబ్బై అయిదేళ్ళు నిండాయి. ఈ నగరపు చమురు యుగానికి కూడా ఇంచుమించు అంతే వయస్సు. ట్రాంబే తీరాన చమురు శుద్ధి కర్మాగారాలు 1954, 1955 సంవత్సరాలలో పని ప్రారంభించాయి. తెలుగు తీరాన విశాఖపట్టణంలో 1957లో శుద్ధి కర్మాగారం వెలసింది. తొలి తరం విద్యార్థులు చాల్‌లోని గదుల నుండి పలకాబలపం పట్టుకొని నడిచి బడికి వచ్చేవారు. వారి తండ్రులు మిల్లు కూత వినిపించగానే నడిచి పనికి వెళ్ళేవారు. దూరం వెళ్ళవలసిన వారికి లోకల్ రైలు ఉండేది. బోరీబందరు నుండి కుర్లా వరకు దేశంలోని మొదటి విద్యుత్ రైలు 1925 ఫిబ్రవరి 3న నడిచింది. ఒక ఇల్లు తన దైనందిన జీవితమంతా పెట్రోలు మీద ఆధారపడి సాగించడం అనేది ఆ తరానికి తెలియని విషయం. అది ఆ తర్వాత, మెల్లమెల్లగా, ఎవరూ గమనించకుండానే వచ్చిన మార్పు.

చమురు తరుగుదల అంటే ఏమిటో ముందుగా స్పష్టం చేసుకోవాలి. కిరసనాయిలు డబ్బా ఖాళీ అయినట్లు చమురు క్షేత్రం ఒకనాడు హఠాత్తుగా ఖాళీ కాదు. చమురు భూగర్భంలో చెరువువలె నిలిచి ఉండదు. రాతి రంధ్రాలలో ఇంకి ఉంటుంది. మొదట సహజమైన ఒత్తిడివల్ల అది తనంతట తాను పైకి వస్తుంది. ఒత్తిడి తగ్గిన కొద్దీ నీటినో వాయువునో లోపలికి పంపి బయటికి నెట్టవలసి వస్తుంది. ఎంత శ్రమించినా సాధారణంగా మూడింట ఒక వంతు చమురు మాత్రమే చేతికి అందుతుంది. మొదటి పీపా సులభంగా, చవకగా వస్తుంది. చివరి పీపాలు కష్టంగా, ఖరీదుగా వస్తాయి. కాబట్టి లోకం ముందున్న అసలు సమస్య చవకగా దొరికే చమురు తరిగిపోవడం. ఆ లోటు మొదట కనిపించేది సామాన్యుని జేబులోనే.

ఈ విషయాన్ని లెక్కలలో చూపిన వారిలో కింగ్ హబ్బర్ట్ ప్రసిద్ధుడు. షెల్ కంపెనీలో పనిచేస్తున్న ఈ భూభౌతిక శాస్త్రవేత్త 1956లో అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో జరిగిన ఒక సమావేశంలో, ఆ దేశపు చమురు ఉత్పత్తి 1965, 1970 సంవత్సరాల మధ్య శిఖరాన్ని చేరి తర్వాత తగ్గుతుందని చెప్పాడు. ఆనాడు నమ్మినవారు తక్కువ. 1970లో శిఖరం వచ్చింది, తరుగుదలా మొదలైంది. అయితే కథ అంతటితో ముగియలేదు. పలకరాళ్ళను పగులగొట్టి చమురు తీసే విధానం వ్యాపించిన తర్వాత 2018లో అమెరికా ఉత్పత్తి ఆ పాత శిఖరాన్ని దాటిపోయింది. జోస్యం ఒకసారి ఫలించింది, మరొకసారి తప్పింది. ధరల విషయమూ ఇంతే. 2008 జూలైలో పీపా చమురు 147 డాలర్లకు ఎగబాకింది. అదే సంవత్సరం డిసెంబరు నాటికి 40 డాలర్ల లోపుకు దిగింది. 2020 ఏప్రిల్ 20న అమెరికా విపణిలో ఒక రకం చమురు ధర సున్నా కంటే కూడా దిగువకు పడిపోయింది. చమురు అయిపోతున్నదని 2008లో ఉద్యోగాలు మానుకున్నవాడూ, చమురుకు కొదువ లేదని 2020లో పెద్ద కారు కొన్నవాడూ ఇద్దరూ తొందరపడినవారే.

స్వదేశపు అనుభవమూ ఇదే పాఠం చెబుతున్నది. ముంబయి తీరానికి సుమారు 160 కిలోమీటర్ల దూరంలో, సముద్రంలో, బాంబే హై క్షేత్రాన్ని 1974లో కనుగొన్నారు. 1976లో చమురు తీయడం ప్రారంభమైంది. 1980వ దశకం చివరకు అది రోజుకు 4 లక్షల పీపాలకు పైగా ఇచ్చి దేశానికి పెద్ద దిక్కుగా నిలిచింది. ఆ తర్వాత క్రమంగా తగ్గింది. తెలుగునాట కృష్ణా గోదావరి తీరాన లోతు సముద్రంలో డి-6 క్షేత్రం నుండి 2009 ఏప్రిల్‌లో సహజవాయువు రావడం మొదలైంది. యానాం, కాకినాడ ప్రాంతాలలో ఆనాడు ఎన్ని ఆశలు! 2010లో రోజుకు సుమారు 6 కోట్ల ఘనపు మీటర్ల వాయువు వచ్చింది. కొద్ది సంవత్సరాలలోనే అది చాలా కింది స్థాయికి పడిపోయింది. 2020 చివర కొత్త బావులతో ఆ తీరాన ఉత్పత్తి తిరిగి పెరిగింది. భూగర్భం మనిషి లెక్కలకు కట్టుబడదు. తేదీ ఎవరికీ తెలియదు. దిశ మాత్రం అందరికీ తెలుసు.

దేశం వాడుకునే ముడి చమురులో 2023-24 సంవత్సరంలో 87 శాతానికి పైగా విదేశాల నుండి వచ్చింది. ఆపత్కాలం కోసం ప్రభుత్వం విశాఖపట్టణం, మంగళూరు, పాడూరులలో భూమి లోపల రాతి గుహలు తొలిపించి 53 లక్షల 30 వేల టన్నుల చమురు నిల్వ చేసే ఏర్పాటు చేసింది. కొండరాతిని తొలిచి కట్టిన అంత గొప్ప గుహలు నిండుగా ఉన్నా, దేశపు అవసరానికి అవి దాదాపు తొమ్మిదిన్నర రోజులకే సరిపోతాయి. ఇది గృహస్థులు బాగా ఆలోచించవలసిన అంకె. అంత గొప్ప గుహలే పది రోజులకు మించి ఆదుకోలేనప్పుడు, రెండు గదుల ఇంట్లో దాచుకొని బతకడం అయ్యే పని కాదు. సన్నాహం అంటే నిల్వ అని అనుకోవడంలోనే పొరపాటు ఉన్నది. అవసరాన్ని తగ్గించుకోవడం, ఆధారాలను పెంచుకోవడం అసలైన సన్నాహం.

ఇక గోడ ఎక్కే క్రీడ సంగతి. దీనిని నగర యువత వాల్ క్లైంబింగ్ అని పిలుస్తున్నది. ఇంగ్లండులోని లీడ్స్ విశ్వవిద్యాలయంలో వ్యాయామ శాఖకు చెందిన డాన్ రాబిన్సన్ 1964లో ఒక నడవా గోడలో రాతిముక్కలు పొదిగి, చలికాలంలోనూ, వానకాలంలోనూ విద్యార్థులు సాధన చేయడానికి వీలు కల్పించాడు. అది తొలి ఆరోహణ గోడలలో ఒకటి. ఆ చిన్న ఏర్పాటే పెరిగి పెద్దదై 2020 టోక్యో ఒలింపిక్ క్రీడలలో, అవి ఒక సంవత్సరం ఆలస్యంగా 2021లో జరిగినప్పుడు, పతకాల క్రీడగా ప్రవేశించింది. ఈ నగరానికీ దీనికీ అనుబంధం ఉన్నది. 1954లో స్థాపితమైన గిరివిహార్ సంస్థ ఎందరో యువకులకు సహ్యాద్రి శిలలను పరిచయం చేసింది. 2016లో నవీ ముంబయిలో ప్రపంచకప్ పోటీ కూడా జరిగింది. జూన్ నుండి సెప్టెంబరు వరకు సహ్యాద్రి రాళ్ళు నాచుపట్టి జారుతుంటాయి. అటువంటి నగరంలో కప్పు కింద గోడ ఉండడం ఎంత ఉపకారమో వేరుగా చెప్పనక్కరలేదు.

ఈ క్రీడలో అన్నిటికన్నా గమనించదగినది ఒంటరితనం లేకపోవడం. ఎత్తైన గోడను ఎక్కేవారు నడుముకు హార్నెస్ అనే పట్టీ కట్టుకొని, తాడును ఎనిమిది ఆకారపు ముడితో దానికి బిగించుకుంటారు. తాడు గోడ పైభాగాన ఉన్న కొక్కెం గుండా దిగి, నేలమీద నిలబడిన రెండవ మనిషి నడుము దగ్గరి సాధనంలోకి వస్తుంది. ఈ రెండవ మనిషి చేసే పనిని బిలే అంటారు. ఎక్కేవారు ఒక అడుగు ఎక్కితే వారు ఒక మూర తాడు లాగుతారు. ఎక్కే ముందు ఒకరి ముడిని ఒకరు పరీక్షించాలి. తాడును ఆపే చేయి ఎన్నడూ తాడును వదలకూడదు. తాడు మరీ వదులైతే పడినవారు చాలా కిందకు పడతారు. మరీ బిగువైతే ఎక్కేవారు కదలలేరు. వదులుకూ బిగువుకూ మధ్య ఉండే ఆ ఒడుపే ఈ క్రీడ నేర్పే పెద్ద విద్య.

అయితే ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. ఆ గోడ మొత్తం చమురు బిడ్డే. చేతికి అందే రంగురంగుల పట్లు పాలీయురెథేన్ వంటి ప్లాస్టిక్కుతో చేసినవి. కింద పరచిన మెత్తలు పెట్రో రసాయనాల నురుగు. బూటు అడుగున ఉన్నది ఎక్కువగా కృత్రిమ రబ్బరు. ప్రాణం నిలిపే తాడు నైలాను. 1930వ దశకం చివర నైలాను లోకానికి తెలియక ముందు కొండలు ఎక్కేవారు నారతాళ్ళనే నమ్ముకునేవారు, అవి తెగి ప్రాణాలు పోయిన సందర్భాలు ఉన్నాయి. చమురు తరిగిపోతున్నదని దిగులు పడే మనిషి, చమురుతో చేసిన తాడుకు వేలాడుతూ వ్యాయామం చేయడం పరిహాసం కాదా అని ఎవరైనా అడగవచ్చు.

దీనికి సమాధానం బడిపిల్లల లెక్కలో దొరుకుతుంది. అరవై మీటర్ల ఆరోహణ తాడు బరువు దాదాపు 4 కిలోలు. జాగ్రత్తగా వాడితే అది కొన్నేళ్ళు మన్నుతుంది. ఇంటికీ గోడకూ దూరం 15 కిలోమీటర్లు అనుకుంటే, రానూపోనూ 30 కిలోమీటర్లు. లీటరుకు 15 కిలోమీటర్లు నడిచే కారుకు 2 లీటర్లు. వారానికి మూడుసార్లు వెళితే 6 లీటర్లు. ఏడాదికి యాభై వారాలనుకుంటే 300 లీటర్లు. లీటరు పెట్రోలు బరువు దాదాపు ముప్పాతిక కిలో. అంటే ఏడాదిలో 225 కిలోలు, యాభై ఆరు తాళ్ళ ఎత్తు పెట్రోలు, దారిలో పొగ అయిపోయింది. తాడు తయారీకి పట్టే ఇంధనాన్ని దాని బరువుకు మూడింతలు కలిపి చూసినా, ప్రయాణం ముందు అది ఏపాటి? చమురును తాడుగా, మందుగా, సిరంజిగా వాడుకోవడం ఒకటి. అదే చమురును ట్రాఫిక్‌లో నిలబడి కాల్చడం మరొకటి. తప్పు గోడది కాదు, దూరానిది.

ఈ లెక్క ఒక ఇంట్లో ఎలా నడుస్తుందో చూడాలి. అటువంటి ఒక ఇంటిని ఊహించుకోవచ్చు. ఈ సభలో దానిని పోలిన ఇళ్ళవారు ఎందరో ఉన్నారు కనుక ఊహ కష్టం కాదు. తెలంగాణ నుండి వచ్చి ముంబయి బట్టల మిల్లులో పనిచేసిన తాత. నగర శివారులో ఇల్లు కొనుక్కొని ఒక కార్యాలయంలో పనిచేస్తున్న కుమారుడు. ఉద్యోగం చేస్తున్న కోడలు. పదవ తరగతి చదివే మనుమరాలు, అయిదవ తరగతి చదివే మనుమడు. కుమారునికి రెండు వ్యసనాలు, రెండూ మంచివే. మొదటిది గోడ ఎక్కడం. వారానికి మూడు సాయంత్రాలు. రెండవది చమురు తరుగుదల గురించి చదవడం. చదివిన కొద్దీ అతని దిగులు పెరిగింది. దిగులు పెరిగిన కొద్దీ ఇంట్లో సామాను పెరిగింది. మంచాల కింద బియ్యపు సంచులు, అటకమీద కొవ్వొత్తుల పెట్టెలు, సౌరదీపాలు, నీళ్ళ డబ్బాలు. తక్కువ వెలకు దొరుకుతున్నదని ఎక్కడో దూరాన అరెకరం భూమి కొనాలని, అందుకు పిల్లల చదువు కోసం దాచిన సొమ్ము తీయాలని కూడా ఆలోచన చేశాడు.

సమయపు లెక్క కూడా ఉన్నది. వారానికి 168 గంటలు. నిద్రకు 52, ఉద్యోగానికి ప్రయాణంతో కలిపి 60 పోగా మిగిలినవి 56. గోడ దగ్గర రెండు గంటలు, దారిలో గంటన్నర, వారానికి మూడుసార్లు అంటే పదిన్నర గంటలు. మిగిలిన సమయంలో ఇది ఇంచుమించు అయిదో వంతు. స్నానపానాలు, భోజనాలు, ఇంటిపనులు తీసివేస్తే పిల్లలకు మిగిలేది ఎంత? ఒక రాత్రి ఆ ఇల్లాలు సంచుల మధ్య దారి చేసుకొని పిల్లవాని పక్క పరుస్తూ ఇలా అన్నది: "ఏవండీ, ఇరవై ఏళ్ళ తర్వాత రాబోయే కరువుకు ఇంట్లో బియ్యం ఉన్నాయి. ఈ సాయంత్రం బాబుకు లెక్కలు చెప్పడానికి మాత్రం మీరు లేరు."

కుమారునికి జవాబు తోచలేదు. ఆ ఆదివారం అతడు ఉతికి ఆరవేసిన తాడు తాత కంటబడింది. ముసలాయన దాని కొసను కళ్ళకు దగ్గరగా పెట్టుకొని, వేలితో విప్పి చూశాడు. లోపల తెల్లని పోగుల పేటలు, పైన రంగుల తొడుగు. ఈ రకపు తాడును జర్మనీలో 1953లో తొలిసారి తయారు చేశారు. తాతకు ఆ సంగతి తెలియదు. పోగు సంగతి మాత్రం బాగా తెలుసు. మనుమరాలిని పిలిచి, "ఇది నేత కాదు బిడ్డా, అల్లిక. లోపలి పోగులు బరువు మోస్తయి. పైనున్నది వాటిని కాపాడుతది. ఒక్క పోగు మీద ఎవడూ వేలాడడు" అన్నాడు.

తర్వాత ఆయన 1982 సంగతి చెప్పాడు. ఆ సంవత్సరం జనవరి 18న ముంబయి బట్టల మిల్లులలో సమ్మె ప్రారంభమైంది. దాదాపు రెండున్నర లక్షల మంది కార్మికులు పనిలోకి వెళ్ళలేదు. నెలలు గడిచాయి, ఏడాది గడిచింది. ఎన్నో మిల్లులు తిరిగి పూర్వస్థితికి రాలేదు. గిరణ్‌గావ్‌లో తరతరాలుగా వినిపించిన కూతలు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి. సూర్యుడు ఉదయించినట్లే మిల్లు కూత కూస్తుందని నమ్మిన కుటుంబాలు దిక్కుతోచక నిలబడ్డాయి. కొందరు ఊళ్ళకు తిరిగి వెళ్ళారు. కొందరు కూరగాయల బండ్లు పెట్టుకున్నారు. ఇళ్ళలో స్త్రీలు డబ్బాల భోజనాలు వండారు, బట్టలు కుట్టారు. "మిల్లు మూతవడ్డనాడు ఎవరింట్ల ఎన్ని సంచులున్నయని ఎవరూ అడుగలే. సంచి నెలకు అయిపోతది. ఎవరింట్ల ఇంకో చెయ్యి పనిచేస్తున్నది, ఎవరికి పక్కింటోళ్ళతోటి మంచిగున్నది, అదే చూసిండ్రు" అన్నాడు తాత.

ఈ మాటలలో చమురు ప్రస్తావన లేదు. అయినా చమురు తరుగుదలకు కావలసిన పాఠమంతా ఇందులో ఉన్నది. ఎన్నటికీ తరగదనుకున్నది తరిగిపోవడం అంటే ఏమిటో ఈ నగరపు తెలుగు కుటుంబాలకు పుస్తకాల వల్ల తెలియవలసిన అవసరం లేదు. వారు దానిని అనుభవించారు, దాటివచ్చారు, పిల్లలను చదివించారు. ఈ పాఠశాల ఆ కష్టకాలానికి సాక్షి.

ఊహించుకున్న ఆ ఇంట్లో తర్వాత జరిగిన మార్పు చిన్నదే. భూమి ఆలోచన ఆగింది, పిల్లల సొమ్ము నిలిచింది. సంచులలోని బియ్యం ఒక్కొక్కటిగా వంటకు వచ్చాయి. నెలరోజుల సరుకులు ఉంచుకోవడం వివేకమే, అంతకు మించినది పురుగులకు ఆహారం. మూడు సాయంత్రాలలో ఒకటి పూర్తిగా మానుకొని, దానికి బదులు కుమారుడు ఇంటి మెట్లు ఎక్కుతూ, తలుపుచట్రానికి బిగించిన కమ్మీ పట్టుకొని సాధన చేస్తున్నాడు. మరొకసారి కార్యాలయం నుండి నేరుగా లోకల్ రైలులో గోడ దగ్గరికి వెళ్ళి వస్తున్నాడు. దానికి అదనంగా పట్టేది రెండున్నర గంటలు. మూడవది ఆదివారం, ఇంటిల్లిపాదీ కారులో వెళతారు. పెట్రోలు ఏడాదికి 300 లీటర్ల నుండి 100 లీటర్లకు తగ్గింది. అతడు ఇంటికి దూరంగా గడిపే సమయం పదిన్నర గంటల నుండి రెండున్నరకు తగ్గింది. అతని ఆరోహణ కొంత మందగించిందని మాత్రం ఒప్పుకోవాలి. ఇదివరకు ఎక్కిన కష్టమైన దారులు కొన్ని ఇప్పుడు సగంలోనే ఆగిపోతున్నాయి. సమతౌల్యం అంటే ఏదీ కోల్పోకుండా అన్నీ పొందడం కాదు. కోల్పోయేది ఏదో తెలిసి కోల్పోవడం.

ఇల్లాలికి ఎత్తులంటే భయం. ఆమె ఎక్కలేదు. శిక్షకుని దగ్గర బిలే పట్టడం నేర్చుకున్నది. ఇప్పుడు కూతురు పైకి ఎక్కుతుంటే తల్లి చేతిలో తాడు ఉంటుంది. ఎదిగే ఆడపిల్లకూ తల్లికీ మధ్య వదులెంత, బిగువెంత ఉండాలన్న ప్రశ్న ఏ ఇంట్లోనైనా ఉండేదే. గోడ దగ్గర ఆ ప్రశ్నకు సమాధానం చేతివేళ్ళకు తెలుస్తుంది.

సన్నాహం గురించి ఒక హెచ్చరిక కూడా చెప్పవలసి ఉన్నది. పాతకాలపు పద్ధతులను తలచుకొని, కట్టెలపొయ్యికి తిరిగి వెళదామని కొందరు ఉత్సాహపడతారు. కట్టెల పొగ ఎందరు తల్లుల కళ్ళనూ, ఊపిరితిత్తులనూ కాల్చివేసిందో ఆ ఉత్సాహవంతులు మరచిపోతారు. వంటగ్యాసు స్త్రీకి దక్కిన విముక్తి. దేశం వాడే వంటగ్యాసులో సగానికి పైగా దిగుమతే కనుక పొదుపు అవసరమే. బియ్యమూ పప్పూ ముందుగా నానబెట్టడం, మూతపెట్టి వండడం, కుక్కరు వాడడం, వీలైన చోట విద్యుత్ పొయ్యిని రెండవ ఆధారంగా ఉంచుకోవడం మేలు. కాని సన్నాహమనే పేరుతో భారమంతా వంటింటి మీదకు నెట్టి, పురుషుడు పత్రికలు చదువుతూ కూర్చుంటే అది న్యాయం కాదు. భారాన్ని పంచుకోని సన్నాహం కష్టం రాకముందే ఇంటిని బలహీనపరుస్తుంది.

ఒక దేశమంతా ఈ పరీక్షను ఎదుర్కొన్న ఉదంతం క్యూబాలో ఉన్నది. 1991లో సోవియట్ యూనియన్ కూలిపోయినప్పుడు ఆ ద్వీపానికి వచ్చే చవక చమురు దాదాపు ఆగిపోయింది. బస్సులు నిలిచిపోయాయి, గంటల తరబడి కరెంటు ఉండేది కాదు, ప్రజలు ఆకలితో బరువు కోల్పోయారు. చైనా నుండి పది లక్షలకు పైగా సైకిళ్ళు తెప్పించారు. హవానా నగరంలో ఖాళీ స్థలాలు కూరగాయల మడులయ్యాయి. ఆ కష్టకాలాన్ని పొగడవలసిన పనిలేదు. అది ఎవరూ కోరుకోని దుర్దినం. అయితే ఆ రోజులలో మనుషులకు ఆసరాగా నిలిచినవి ఏవో గమనించాలి. నడిచి వెళ్ళగల దూరంలోని బడి, వైద్యుడు, తోటపని తెలిసిన పొరుగువాడు, ఉన్నదానిని పంచుకునే కుటుంబం. వీటిలో ఏదీ ఒక్కరోజులో కొనితెచ్చుకోగలిగినది కాదు. ముందునుండి ఉంటేనే ఆనాటికి ఉంటుంది.

కాబట్టి తల్లిదండ్రులు తమ ఇంటి లెక్క తామే వేసుకోవాలి. బడి, పని, ఆట, అంగడి, ఈ నాలుగూ ఇంటికి ఎంత దూరం? అందులో ఎన్నింటిని దగ్గర చేసుకోవచ్చు? ఇంటిలో ఎన్ని చేతులకు ఎన్ని పనులు వచ్చు? పెట్రోలు ధర రెట్టింపైతే కారు వాయిదాలు కట్టగలమా? పిల్లలు నడవగలరా, సైకిలు తొక్కగలరా, మెట్లు ఎక్కగలరా? చివరి ప్రశ్నలో క్రీడ ఉన్నది. బలమైన శరీరం చమురు అక్కరలేని వాహనం. పిల్లవానికి గోడ ఎక్కే అవకాశం దొరికితే మంచిదే. రుసుము చెల్లించలేనివారు, దూరం పోలేనివారు చిన్నబుచ్చుకోవలసిన పనిలేదు. ఖోఖో, కబడ్డీ, మల్లఖంబం ఈ నేలమీద పుట్టి పెరిగిన ఆటలు, వాటికి పాఠశాల ఆవరణ చాలు.

పాఠశాల యాజమాన్యానికీ, పూర్వవిద్యార్థులకూ ఒక విన్నపం. పాఠశాల ఆవరణలోని ఒక బలమైన గోడకు, ఇంజనీరు పరీక్షించిన మీదట, మనిషి ఎత్తు వరకు మాత్రమే, పక్కలకు పాకేందుకు వీలైన పట్లు బిగించడం పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. కింద మెత్తలు పరచి, ఉపాధ్యాయుల పర్యవేక్షణలో పిల్లలు దానిమీద సాధన చేయవచ్చు. అటువంటి గోడ ఇక్కడ వెలిస్తే యాభై ఇళ్ళ పెట్రోలు మిగులుతుంది, యాభై ఇళ్ళ సాయంకాలాలు మిగులుతాయి. ప్లాటినం జూబిలీకి ఇంతకన్నా నిలిచే గుర్తు అరుదు.

ఇంకొక ఇరవై అయిదేళ్ళకు ఈ పాఠశాల శతవార్షికోత్సవం జరుపుకుంటుంది. నేడు పదవ తరగతిలో ఉన్న బాలిక ఆనాటికి నలభై ఏళ్ళ గృహిణి, బహుశా తల్లి. పీపా చమురు ధర ఆనాడు ఎంత ఉంటుందో ఏ పండితుడూ చెప్పలేడు. ఆమె ఆ సభకు కారులో వస్తుందో, రైలులో వస్తుందో, నడిచి వస్తుందో తెలియదు. ఏ విధంగా వచ్చినా, ఆమె పక్కన ఆమె మనుషులు ఉండాలి, ఆమె కాళ్ళలో బలం ఉండాలి, చేతిలో ఒకటికి రెండు విద్యలు ఉండాలి. అందుకు కావలసిన తాడు నేటి తల్లిదండ్రుల చేతిలో ఉన్నది. మరీ వదలకుండా, మరీ బిగించకుండా, చేయి తీయకుండా దానిని పట్టుకొని నిలబడడమే వారి కర్తవ్యం.

ఈ విద్యాలయం నూరేళ్ళు దాటి వర్ధిల్లుగాక. ఇక్కడి పిల్లలు ఎంత ఎత్తు ఎక్కినా క్షేమంగా దిగివచ్చెదరుగాక. స్వస్తి.